ఆడాసిటీలో గీత కదలట్లేదా? లైనక్స్‌లో సౌండ్ ఎక్కడ ఆగిందో పట్టుకుందాం

లైనక్స్‌లో ఆడాసిటీ వాడేవాళ్ళకి ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే సమస్య ఈరోజు చూద్దాం. రికార్డ్ నొక్కుతాం, టైమర్ నడుస్తుంది, అరగంట మాట్లాడతాం. ప్లే చేస్తే ఏమీ వినపడదు. అది మీ అమ్మమ్మ చెప్పిన కబుర్లయితే? సన్నగా పడిన గొంతుని పెంచుకోవచ్చు, అసలు పడని గొంతుని ఏ ఎఫెక్టూ తెచ్చివ్వలేదు.

ఇక్కడ చాలామంది ఆడాసిటీ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు. కుళాయిలో నీళ్ళు రాకపోతే కుళాయి మారుస్తామా? ట్యాంకులో నీళ్ళున్నాయా, మధ్యలో వాల్వు కట్టేసి ఉందా అని చూస్తాం కదా. సౌండ్ కూడా అంతే. మైక్ నుంచి కెర్నెల్‌లోని ఆల్సాకి, అక్కడి నుంచి సౌండ్ సర్వర్‌కి, ఆ తర్వాతే ఆడాసిటీకి వస్తుంది. ఆ సర్వర్ పాత సిస్టమ్స్‌లో పల్స్ ఆడియో. ఫెడోరా 34, ఉబుంటు 22.10 నుంచి పైప్‌వైర్.

ముందు గీత చూడండి. అల కనిపిస్తోంది కానీ వినపడట్లేదంటే రికార్డింగ్ బాగానే ఉంది, ప్లేబ్యాక్ డివైస్ మార్చుకుంటే చాలు. జూమ్ చేస్తే గడ్డిలా చిన్న కదలిక ఉందంటే ఏదో ఒక మైక్ పనిచేస్తోంది, అది మీ మైకేనా, లెవెల్ సరిపోతోందా చూడండి. స్కేలు పెట్టి గీసినట్టు ఉంటే మధ్యలో ఎక్కడో తెగింది.

ఇప్పుడు కింద నుంచి పైకి వెళ్దాం.

ఒకటి, ఆల్సా. టెర్మినల్‌లో ఎరికార్డ్, స్పేస్, హైఫన్, చిన్న ఎల్ కొట్టండి. మీ మైక్ ఆ లిస్టులో లేకపోతే సమస్య కేబుల్‌దో, పోర్టుదో, డ్రైవర్‌దో. ఆడాసిటీని వదిలేయండి. ఉంటే ఆల్సామిక్సర్ తెరిచి, ఎఫ్6తో కార్డు ఎంచుకుని, ఎఫ్4తో క్యాప్చర్ పేజీకి వెళ్ళండి. క్యాప్చర్ ఆఫ్‌లో ఉంటే స్పేస్ బార్ నొక్కితే ఆన్ అవుతుంది.

రెండు, ఆడాసిటీ. ప్రోగ్రామ్ తెరిచాక మైక్ గుచ్చితే దానికి తెలీదు. ఆడియో సెటప్‌లో రీస్కాన్ ఆడియో డివైసెస్ నొక్కండి. రికార్డింగ్ డివైస్‌గా డిఫాల్ట్ పెట్టండి. హెచ్‌డబ్ల్యూ అని ఉన్నవి సౌండ్ సర్వర్‌ని పక్కనపెట్టి నేరుగా కార్డుకి వెళ్తాయి.

మూడు, అసలు కిటుకు ఇదే. పల్స్ ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకోండి, పైప్‌వైర్‌తో కూడా పనిచేస్తుంది. అందులో రికార్డింగ్ ట్యాబ్ చూస్తే ఖాళీగా ఉంటుంది, కంగారుపడకండి. ఆడాసిటీలో రికార్డింగ్ నడుస్తుండగానే ఆ పేరు అక్కడ కనిపిస్తుంది. పక్కన ఏ మైక్ ఉందో చూడండి. "మానిటర్ ఆఫ్" అని మొదలైతే అది మైక్ కాదు, స్పీకర్‌లో మోగేదాన్ని రికార్డ్ చేస్తోంది. ఏమీ మోగకపోతే తిన్నని గీతే వస్తుంది. అక్కడే మీ మైక్‌కి మార్చండి. ఈ ఎంపికని గుర్తుపెట్టుకునేది సౌండ్ సర్వర్, ఆడాసిటీ కాదు. మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా చాలాసార్లు ఫలితం లేకపోవడానికి కారణం అదే.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వాడుతుంటే కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో హెడ్‌సెట్ ప్రొఫైల్ ఉందా చూడండి. పాటలు వినే ఏ2డీపీ ప్రొఫైల్‌లో మామూలుగా మైక్ రాదు.

చివరిగా, ముఖ్యమైన రికార్డింగ్ ఏదైనా సరే, ముందు పది సెకన్లు మాట్లాడి, ఆపి, హెడ్‌ఫోన్స్‌లో వినండి. అల పైకి సగం ఎత్తు వరకు వస్తే లెవెల్ బాగున్నట్టు. ఆ తర్వాతే అమ్మమ్మని కబుర్లు మొదలెట్టమనండి. మరో ఎపిసోడ్‌లో కలుద్దాం.