పుట్టగొడుగులు తిన్నాక మతి తప్పితే...

తొలకరి పడగానే సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న మన త్రిపురారం, మిర్యాలగూడ పల్లెల్లో గట్ల మీద, పెంటకుప్పల మీద పుట్టగొడుగులు మొలుస్తాయి. చెదపుట్టల దగ్గర వచ్చేవాటిని కూర వండుకోవడం మనకు అలవాటే. కాని పేడ మీద మొలిచే కొన్ని రకాలలో సైలోసిబిన్ అనే పదార్థం ఉంటుంది. అది ఒంట్లో సైలోసిన్‌గా మారి మెదడు మీద పనిచేస్తుంది.

తిన్న గంటలోపు ఊరికే నవ్వడం, బెదిరిపోవడం, లేనివి కనబడటం, కంటిపాపలు పెద్దవి కావడం జరుగుతాయి. ఇది దయ్యం కాదు, గాలి సోకడం కాదు. సాధారణంగా ఆరేడు గంటల్లో తగ్గుతుంది. అయినా డాక్టరు చూడాలి.

ఇంతకన్నా భయంకరమైన రకాలు ఉన్నాయి. అవి తిన్న 6 నుండి 24 గంటల తర్వాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. మరునాడు తగ్గినట్లు కనిపించినా లోపల కాలేయం చెడిపోతూ ఉంటుంది. ప్రాణం పోవచ్చు.

వెండి నల్లబడలేదనీ, పురుగులు తిన్నాయనీ నమ్మి వండవద్దు. ఉడికించినా ఈ విషం పోదు.

ఎవరైనా తింటే:
1. వెంటనే 108కి ఫోన్ చేయండి.
2. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించవద్దు.
3. మిగిలిన గొడుగును కాగితంలో చుట్టి తెండి. తిన్న వేళ చెప్పండి.
4. ఆ కూర తిన్న అందరినీ, బాగున్నవారిని కూడా, తీసుకురండి.

తెలియని అడవి కాయలను కుండలో వేసినవారి సంగతి 2 రాజులు 4వ అధ్యాయంలో ఉంది. తెలియనిదాన్ని పొయ్యి ఎక్కించకపోవడమే మేలు. ప్రార్థన దారిలోనూ చేయవచ్చు, ఆసుపత్రికి రావడం మాత్రం ఆలస్యం చేయకండి.