పరాయి దేశంలో మనవాళ్ళు

మన కిష్టారెడ్డిపేట చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనికి బీహారు, ఒడిశాల నుండి ఎందరో వచ్చి, ఒకే గదిలో ఐదారుగురు ఉంటున్నారు. గల్ఫ్ పోయిన మన తెలంగాణ వాళ్ళ బతుకు కూడా అలాంటిదే. కాకపోతే అది పరాయి దేశం.

సౌదీలో ఉండే విదేశీయునికి 'ఇకామా' కార్డు ఉండాలి. బయటికి వెళ్తే అది వెంట ఉండాల్సిందే. పని ఇచ్చే యజమాని 'కఫీల్'. అతన్ని వదిలి దొంగచాటుగా వేరే చోట పని చేసేవాణ్ణి మనవాళ్ళు 'ఖల్లివెల్లి' అంటారు. పోలీసులకు దొరికితే జైలే. శుక్రవారం సెలవు. బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్ చేయడం ఆ రోజే. జూన్ 15 నుండి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుండి 3 గంటల దాకా ఎండలో పని చేయించరాదని అక్కడి నియమం.

పదో తరగతి పాస్ కానివారికి ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఇస్తారు. వారు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే మన ప్రభుత్వ అనుమతి కావాలి. దీనికి ఆధారం 1983 వలస చట్టం. అనుమతితో పోయేవారికి 10 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంటుంది. ఈ అనుమతి తప్పించడానికే కొందరు దళారులు విజిట్ వీసా మీద పంపుతారు. ఆ వీసాతో పని చేయడం అక్కడ నేరం.

తొమ్మిదిలో బడి మానేసిన మా చిన్నాయన అలాగే దుబాయి పోయి, అప్పుతో తిరిగొచ్చాడు. "వీసా మీద ఏం రాసుందో చదువుకోలేకపోయిన బిడ్డా" అన్నాడు.

కావున మిత్రులారా! పదో తరగతి పాసైతే ఆ అనుమతి అక్కర్లేదు. కానీ అప్పుడు మన కాగితాలు మనమే చదివి చూసుకోవాలి. ఎక్కడికి పోయినా ముందు చదువు కావాలి.