వీధికుక్క తాత ఎవరు?

పిల్లలూ! సికిందరాబాదు వీధుల్లో మనం పారేసిన అన్నం మెతుకులు తినే కుక్కను మీరు రోజూ చూస్తూనే వుంటారు. దాని పూర్వీకులు తోడేళ్ళంటే నమ్ముతారా? నిజమే! 1914లో జర్మనీలో ఒక స్త్రీ, పురుషుడితోపాటు పాతిపెట్టిన కుక్క ఎముకలు దొరికాయి. ఆ సమాధి వయస్సు సుమారు 14,000 ఏళ్ళు!

మరి మన దక్కను మైదానాల తోడేలే కుక్కకు తాతా? కాదు! ప్రతి ప్రాణి ఒంటిలోనూ డి.ఎన్.ఏ. అనే పదార్థం వుంటుంది. అందులో వంశచరిత్ర దాగి వుంటుంది. సికిందరాబాదు పక్కనే, హబ్సిగూడలో వున్న సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు మన తోడేలు డి.ఎన్.ఏ.ను పరీక్షించారు. దానిది ఏనాడో విడిపోయిన వేరే శాఖ అని 2007లో తెలిపారు. అంటే అది కుక్కకు దూరపు చుట్టమే!

మాంసం తినే వంశానికి అన్నం ఎలా వంటబట్టింది? పిండిపదార్థాన్ని అరిగించే జన్యువును 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు లెక్కపెట్టారు. తోడేళ్ళలో దాని ప్రతులు రెండే. కుక్కల్లో 4 మొదలు 30 దాకా వున్నాయి! మనిషి తిండి అరిగించుకోగల కుక్కలే బాగా బతికి, పిల్లల్ని పెట్టాయన్నమాట.

తెలియని కుక్కను ముట్టుకోకండి. కాని రాయి మాత్రం విసరకండి. వేల ఏళ్ళుగా మన అన్నం తిన్న నేస్తం అది!