బుజ్జి చెప్పిన రేపటి కథ

సికింద్రాబాద్‌లో ఎండలు ముదిరాయంటే ట్యాంకర్ హారన్ కోసం చెవులు రిక్కించే ఇళ్లు ఎన్నో! నాలుగు బిందెలు నిండాక ఇల్లాలు 'హమ్మయ్య' అనుకుంటుంది. ఆ ట్యాంకరే రాకపోతే? నీళ్లన్నీ ఒక్క కోటలోనే ఉండి, గేటు దాటాలంటే పది లక్షలు కట్టమంటే?

అలాంటి ఊరే 'బుజ్జి అండ్ భైరవ'లోని కాశీ. 2024 మే 31న అమెజాన్ ప్రైమ్ వీడియోలో వచ్చిన ఈ యానిమేషన్ సిరీస్... 'కల్కి 2898 ఏడీ' సినిమాకు ముందుమాట లాంటిది. దర్శకుడు నాగ్ అశ్విన్ ఊహించిన లోకానికి బొమ్మల రూపమిచ్చింది హైదరాబాద్‌లో 'ఛోటా భీమ్'ను పుట్టించిన గ్రీన్‌గోల్డ్ యానిమేషన్ సంస్థ. ప్రభాస్, కీర్తి సురేశ్ గొంతులిచ్చారు. అయినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఉన్నవి రెండే చిన్న భాగాలు. నాలుగు వారాలు తిరక్కుండానే జూన్ 27న సినిమా థియేటర్లకొచ్చింది. ఆ హోరులో సిరీస్ మాట వినపడలేదు.

ధర్మమా... ధరా?

కొమ్మూరి సాంబశివరావు నవలలు చదివిన ఇంటి పెద్దలకు డిటెక్టివ్ యుగంధర్ బాగా తెలుసు. నేరం ఎవరు చేశారో తేల్చడం ఆయన పని. భైరవ కూడా మనుషుల ఆచూకీ తీస్తాడు, వెంటపడతాడు, పట్టిస్తాడు. కానీ తప్పెవరిదని అడగడు. పట్టిస్తే ఎంతిస్తారన్నదే లెక్క! అక్కడి డబ్బు పేరు యూనిట్లు. పది లక్షల యూనిట్లు కూడబెడితే 'కాంప్లెక్స్'లో అడుగుపెట్టొచ్చు. నీళ్లూ పచ్చదనమూ అక్కడే ఉన్నాయి. కింద కాశీలో గంగే ఎండిపోయింది. భైరవ చెడ్డవాడేం కాదు, నవ్వించే మనిషి. అలాంటివాడు కూడా ధర్మం పక్కనపెట్టి ధర చూసుకుంటాడు. ఈ కథలో అసలు భయపెట్టేది అదే.

తుక్కులో దొరికిన నేస్తం

ఇక బుజ్జి... సరుకు మోసే వాహనానికి మెదడుగా పనిచేసిన కృత్రిమ మేధ. ఒక్క పని చెడేసరికి తుక్కులో పడేశారు. పనికొచ్చినన్నాళ్లే విలువ! అలా పారేసిన యంత్రమే భైరవకు తోడవుతుంది.

మనిషీ యంత్రమూ జోడీ కట్టడం లోకానికి కొత్తేమీ కాదు. 1999లో కెనడాలో 'టోటల్ రీకాల్ 2070' అనే టీవీ సిరీస్ వచ్చింది. కంపెనీలు రాజ్యమేలే కాలంలో డేవిడ్ హ్యూమ్ అనే డిటెక్టివ్‌కు సహోద్యోగి ఒక ఆండ్రాయిడ్. అదీ 22 భాగాలతోనే ఆగిపోయింది.

తెలుగులోనూ ఈ ఊహకు వేళ్లున్నాయి. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369'లో సాలార్‌జంగ్ మ్యూజియం వజ్రం దొంగతనం కథ ఒకపక్క నడుస్తుంటే, జనం నేల కింద బతికే 2504వ సంవత్సరం మరోపక్క కనిపిస్తుంది. ఆ సింగీతమే 'కల్కి'కి మార్గదర్శకుడు!

కారు చూశారు... కథ?

2024 మే 22న రామోజీ ఫిల్మ్‌సిటీలో బుజ్జి కారును చూపించినప్పుడు అభిమానుల సందడి అంతా ఇంతా కాదు. మహీంద్రా, కోయంబత్తూరుకు చెందిన జయం సంస్థల సాయంతో తయారైన ఆ బండి బరువు 6 టన్నులు. దానికి దక్కిన చూపుల్లో పదోవంతైనా దాని కథకు దక్కి ఉంటే ఎంత బాగుండేదో!

సెలవు రోజు పిల్లలతో కలిసి చూడటానికి ఒక్క సాయంత్రం చాలు. పోరాటాలకు వాళ్లు చప్పట్లు కొడతారు. ఆ తర్వాత ఎప్పుడో వీధి చివర ట్యాంకర్ హారన్ మోగినప్పుడు 'నీళ్లు కూడా కొనుక్కోవాలా నాన్నా?' అని అడిగితే మాత్రం... జవాబు పెద్దలే వెతుక్కోవాలి.