బోర్డు కాలినా లెక్కలు పోవు

మోటారు కాలిపోయినంత మాత్రాన బావిలో నీళ్లు ఎక్కడికీ పోవు. కంప్యూటరు సంగతీ అంతే. పిల్లల చదువుకనో, పాల కేంద్రం లెక్కలకనో ఇంట్లో కంప్యూటరు పెట్టుకున్న రైతులు ఈ సంగతి తెలుసుకోవాలి. మదర్‌బోర్డు పాడైతే మిషను ఆన్ కాదు. కానీ పాల లెక్కలు, పాసుపుస్తకం స్కాన్ కాపీలు, పిల్లల సర్టిఫికెట్లు ఉండేది బోర్డులో కాదు, హార్డ్‌డిస్కులో. రిపేరు షాపులో ‘ఫార్మాట్ కొట్టాలండీ’ అనగానే సరేనని తలూపితే మాత్రం అవి పోతాయి.

అందుకని ముందు డిస్కు విప్పించి మీ దగ్గర ఉంచుకోండి. డెస్క్‌టాప్ అయితే రెండు కేబుళ్లు, నాలుగు స్క్రూలు, అంతే పని. ప్లగ్గు పీకాకే చెయ్యి పెట్టాలి సుమా! ఆ డిస్కును యుఎస్‌బి కేబులుతో వేరే కంప్యూటరుకి కలిపి ఫైళ్లు కాపీ చేసుకోవచ్చు. పెద్ద డిస్కుకి కరెంటు అడాప్టరు ఉన్న కేబులే కావాలి, డిస్కు చూపించి కొనండి. కలపగానే ‘ఫార్మాట్ చేయమంటారా’ అని తెరమీద వస్తే వద్దనే నొక్కాలి.

లాప్‌టాపుతో ఇంకో చిక్కుంది. విండోస్ 11తో వచ్చే చాలా మిషన్లలో డిస్కుకి మనకు తెలియకుండానే తాళం పడి ఉంటుంది. దీన్నే బిట్‌లాకర్ అంటారు. దాని తాళంచెవి బోర్డు మీదే ఉంటుంది. బోర్డు మారితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఎంత పనిమంతుడైనా డిస్కు తెరవలేడు. మొదట్లో ఏ ఈమెయిలుతో మైక్రోసాఫ్ట్ అకౌంటు తెరిచారో మామూలుగా అందులోనే ఆ కీ ఉంటుంది, ఫోనులోనే చూడొచ్చు. కొన్నప్పుడు షాపు కుర్రాడు తన ఈమెయిలు పెట్టి ఉంటే కీ అతని దగ్గరే ఉండిపోతుంది! మిషను బాగున్నప్పుడే కనుక్కుని కాగితం మీద రాసి పాసుపుస్తకంలో పెట్టుకోండి.

చవక లాప్‌టాపులు కొన్నింటిలో విడిగా డిస్కే ఉండదు, స్టోరేజీ బోర్డుకే అతికి ఉంటుంది. ఇఎంఎంసి అంటారు. అలాంటిదైతే బోర్డుతోపాటే ఫైళ్లూ పోతాయి. పిడుగు పడ్డా, వోల్టేజీ ఎక్కువైనా ఒక్కోసారి విడి డిస్కు కూడా కాలుతుంది. నెలకోసారైనా పెన్‌డ్రైవులో కాపీ తీసుకుంటే ఈ బెంగ ఉండదు.

కొత్త బోర్డుకి పాత డిస్కే తగిలిస్తే విండోస్ చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది. లేకపోతే ఫైళ్లు కాపీ తీశాకే మళ్లీ ఎక్కించమనండి. డిస్కుతో సహా మిషను ఇవ్వక తప్పకపోతే, డిస్కు మీది నంబరు, ‘ఫార్మాట్ చేయరాదు’ అన్న మాట రసీదు మీద రాయించుకోండి.