కరెంటు ఇచ్చే కారు

కరెంటుతో కారు నడుస్తుంది. ఇది చాలామందికి తెలుసు. మరి కారు కరెంటు ఇస్తుందా? ఇస్తుంది!

జపాన్ దేశంలో టోక్యో నగరం పక్కన చిబా అనే ప్రాంతం ఉంది. 2019 సెప్టెంబరులో అక్కడ పెద్ద తుఫాను వచ్చింది. కరెంటు స్తంభాలు కూలాయి. లక్షల ఇళ్ళు చీకటైపోయాయి. పైగా ఎండ మండిపోతోంది. ముసలివాళ్ళు అల్లాడిపోయారు. అప్పుడు కొన్ని కార్ల కంపెనీలు కరెంటు ఇచ్చే కార్లను అక్కడికి పంపాయి. ఆ కార్ల కరెంటు జనానికి అక్కరకొచ్చింది.

కారులో కరెంటు ఎక్కడిది?

ఈ కార్లలో పెద్ద బ్యాటరీ ఉంటుంది. కొన్నింటిలో బ్యాటరీతో పాటు పెట్రోలు ఇంజను కూడా ఉంటుంది. వీటిని ప్లగ్‌ఇన్ హైబ్రిడ్ కార్లు అంటారు. ఇంట్లో ప్లగ్గు పెడితే బ్యాటరీ నిండుతుంది. బ్యాటరీ అయిపోతే ఇంజను నడిచి కరెంటు పుట్టిస్తుంది. జపాన్‌లో 2013లో వచ్చిన మిత్సుబిషి ఔట్‌లాండర్ అలాంటి కారే. దాని నుండి 1500 వాట్ల కరెంటు తీసుకోవచ్చు. అంటే 75 వాట్ల ఫ్యాన్లు 20 తిరుగుతాయి.

మామూలు రోజుల్లో ఏం లాభం?

కరెంటును తీగల్లో దాచిపెట్టలేం. ఎంత వాడుతుంటే అంత తయారు చేస్తూనే ఉండాలి. పొద్దుగూకితే ఇంటింటా దీపాలు, టీవీలు. అందరికీ ఒకేసారి కరెంటు కావాలి. అర్ధరాత్రి వాడకం తగ్గుతుంది.

పంట వచ్చినప్పుడు గాదె నింపుతాం. అవసరమైనప్పుడు తీసి వాడుకుంటాం. కారు బ్యాటరీ కూడా అలాంటి గాదే. వాడకం తగ్గినప్పుడు నింపాలి. పెరిగినప్పుడు లైనుకు తిరిగి ఇవ్వాలి. కారు రోజులో ఎక్కువసేపు ఊరికే నిలిచి ఉంటుంది కదా!

ఒక్క కారుతో ఊరంతా వెలగదు. వేల కార్లు కలిస్తే లైనుకు అండ. డెన్మార్క్ దేశంలో 2016లో 10 కరెంటు వ్యాన్లతో ఈ పని మొదలుపెట్టారు. పని లేని వేళ వ్యాన్లను లైనుకు కలిపి ఉంచారు. అందుకు డబ్బు కూడా వచ్చింది.

జాగ్రత్త!

అన్ని కార్లూ కరెంటు తిరిగి ఇవ్వలేవు. అందుకు వేరే పరికరం కావాలి. తెలిసినవాళ్ళే దాన్ని బిగించాలి. సొంతంగా వైర్లు కలిపితే కరెంటు స్తంభం దాకా పోతుంది. కరెంటు లేదనుకొని ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది.

ఇంజను నడుస్తుంటే కారును మూసిన గదిలో ఉంచకూడదు. ఆ పొగ ప్రాణం తీస్తుంది. పెళ్ళిళ్ళకు తెచ్చే జనరేటరుకూ ఇవే జాగ్రత్తలు.

చర్చించండి:
1. మీ ఊళ్ళో ఏ వేళ కరెంటు ఎక్కువ వాడతారు? ఎందుకు?
2. కరెంటు పోతే ముందుగా ఎవరికి ఇబ్బంది?