మాంసమే మంచుగడ్డ: అలాస్కా వేట నుంచి విమానంలో ఇంటికి

అలాస్కాలో మూస్ అనే భారీ దుప్పిని వేటాడేవారికి అసలు శ్రమ అది నేలకూలాక మొదలవుతుంది. ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ లెక్క ప్రకారం 725 కిలోల మూస్ నుంచి సుమారు 227 కిలోల మాంసం వస్తుంది. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేస్తే నేరం. మరి వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటికి దాన్ని విమానంలో ఎలా చేర్చాలి? చాలామంది ముందుగా ఖరీదైన కూలర్ కోసం వెతుకుతారు. లెక్క వేస్తే చవక పెట్టే మెరుగని తేలుతుంది.

బరువు లెక్క

అమెరికా దేశీయ విమానాల్లో ఒక చెక్ఇన్ లగేజీకి సాధారణ పరిమితి 50 పౌండ్లు, అంటే 22.7 కిలోలు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదు. బరువు మించితే పెద్ద సంస్థలు ఒక్కో పెట్టెకు దాదాపు 100 డాలర్లు అదనంగా వసూలు చేస్తాయి.

45 లీటర్ల స్థాయి ఖరీదైన కూలర్ ధర సుమారు 300 డాలర్లు. ఖాళీగానే 10 కిలోలకు పైగా తూగుతుంది కాబట్టి అందులో 12 కిలోల మాంసమే పెట్టగలం. అదే పరిమాణంలో మామూలు ప్లాస్టిక్ కూలర్ 4 కిలోలుంటుంది. 18 కిలోలు పెట్టొచ్చు. మొత్తం మూస్‌కు మొదటి రకం 19 పెట్టెలు కావాలి, రెండో రకం 13 చాలు. ప్రతి పెట్టెకూ లగేజీ రుసుము ఉంటుందని మరవొద్దు.

చలి లెక్క

చవక పెట్టెలో చలి నిలుస్తుందా? మైనస్ 18 డిగ్రీల్లో గట్టిపడిన మాంసం పూర్తిగా కరగాలంటే కిలోకు సుమారు 250 కిలోజౌళ్ల వేడి కావాలి. 18 కిలోలకు 4,500. థర్మాకోల్ పొర రెండున్నర సెంటీమీటర్లున్న పెట్టెలోకి గది ఉష్ణోగ్రత వద్ద గంటకు 140 కిలోజౌళ్ల వరకు వేడి దూరుతుంది. అంటే పూర్తిగా కరగడానికి 30 గంటలకు పైనే పడుతుంది. చాలా చవక కూలర్ల మూతలు లోపల బోలుగా ఉంటాయి. ఆ లోపం వల్ల వేడి రెట్టింపు చొరబడినా 15 గంటలు పడుతుంది. పన్నెండు గంటల ప్రయాణంలో పైపొర మెత్తబడొచ్చు గానీ నడిమి భాగం గట్టిగానే ఉంటుంది.

కిటుకు ఇక్కడే ఉంది. పెట్టెలో మంచుగడ్డ పని మాంసమే చేస్తుంది. విడిగా ఐస్ పెడితే బరువు పెరుగుతుంది, నీరు కారుతుంది. డ్రై ఐస్‌కు శక్తి ఎక్కువే: కిలోకు 571 కిలోజౌళ్లు. కానీ ప్రయాణికుడికి 2.5 కిలోలే అనుమతి. ముందుగా విమాన సంస్థ ఒప్పుకోవాలి, పెట్టె మీద ‘డ్రై ఐస్’ అని, దాని బరువు రాయాలి, గాలి పోయే దారి ఉంచాలి. ఎందుకంటే 2.5 కిలోల డ్రై ఐస్ ఆవిరైతే 1,300 లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 12 గంటల్లోపు ప్రయాణానికి ఈ హైరానా అక్కర్లేదు.

గడ్డకట్టించడమే కీలకం

ఇళ్లలో వాడే రకం ఫ్రీజర్‌లో రోజుకు, 28 లీటర్ల చోటుకు కిలో నుంచి కిలోన్నర లోపు మాంసమే సరిగా గడ్డకడుతుంది. 200 లీటర్ల ఫ్రీజర్‌లో 18 కిలోలకు కనీసం రెండు రోజులు పడుతుంది. బయలుదేరే ముందురాత్రి కుక్కేస్తే నడిమి భాగం గడ్డకట్టకుండానే ఉండిపోతుంది. పలుచని పొట్లాలుగా కట్టి, ఎడంగా పేర్చి గడ్డకట్టించాలి. పెట్టెలో ఖాళీ మిగిలితే పాత పేపర్లు గానీ, చలికోటు గానీ కుక్కాలి. లోపల మందపాటి సంచి వేసి, మూత చుట్టూ టేపు చుట్టాలి.

ఇల్లు చేరాక థర్మామీటర్ పెట్టి చూడండి. లోపల మంచు పలుకులు కనిపిస్తున్నా, ఉష్ణోగ్రత 4 డిగ్రీలు దాటకపోయినా మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొచ్చు.

కాగితాలూ ముఖ్యమే. జింక జాతుల్లో వచ్చే క్రానిక్ వేస్టింగ్ వ్యాధి భయంతో చాలా రాష్ట్రాలు మెదడు, వెన్నెముక తేవడాన్ని నిషేధించాయి. ఎముకలు తీసిన మాంసమైతే చిక్కు తక్కువ. వేరొకరి వేట మాంసం మోస్తుంటే, ఇద్దరూ సంతకం చేసిన బదిలీ పత్రాన్ని అలాస్కాలో వెంట ఉంచుకోవాలి.

అలాస్కా నుంచి సాల్మన్, హాలిబట్ చేపలు తెచ్చుకునేవారికీ ఇదే పద్ధతి పనికొస్తుంది. 300 డాలర్ల పెట్టె కొనేముందు మాంసాన్ని రెండు రోజులు ఫ్రీజర్‌లో ఉంచే ఏర్పాటు చూసుకోండి.